నల్లరేగడి నేలలో ఇంటి ఈతకొలను: కాంక్రీటా, ఫైబర్‌గ్లాసా? ఒక కేస్ స్టడీ

స్థలం రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి వైపు. 600 గజాలు, ముందు ఇల్లు, వెనక ఖాళీ. ఇంటివాళ్లు అడిగింది 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు పూల్. డైవింగ్ లేదు, పెద్దవాళ్లు నిలబడగలగాలి, పిల్లలు ఈత నేర్చుకోవాలి. కాబట్టి 1.2 మీటర్ల నీటిలోతు చాలు. మా దగ్గరికి సలహాకు వచ్చేసరికే వాళ్ల చేతిలో రెండు కొటేషన్లున్నాయి. ఒకటి ఆర్‌సీసీ (ఇనుప రాడ్ల కాంక్రీటు) పూల్, పది పన్నెండు వారాల పని. రెండోది ఫ్యాక్టరీలో అచ్చు మీద పోసి తెచ్చే ఫైబర్‌గ్లాస్ షెల్, గొయ్యి తయారయ్యాక రెండు మూడు వారాలు. వేసవి సెలవుల్లోపు నీళ్లు పడాలన్న తొందరలో ఇంటివాళ్లు షెల్ వైపే మొగ్గారు.

రెండు కొటేషన్లలోనూ టైల్ రంగు దాకా వివరంగా రాశారు. మట్టి గురించి ఒక్క ముక్క లేదు, వానాకాలంలో ఊటనీళ్లు ఎంత పైకి వస్తాయో అసలే లేదు. ఏ రకం పూల్ వెయ్యాలో ముందుగా తేల్చేది మట్టి. తర్వాత ఆ మట్టిలో నిలిచే నీళ్లు, ఆపైన షెల్ వచ్చే దారి. నునుపు, రంగు, గడువు, ధర ఇవన్నీ వాటి వెనకే.

గొయ్యిలో కనిపించింది

పూల్ మూల పడేచోట ఒకటి, దానికి 6 మీటర్ల దూరంలో ఇంకొకటి, జేసీబీతో 2.5 మీటర్ల లోతున రెండు గుంతలు తీయించారు. నెల సెప్టెంబర్. పై నుంచి 1.7 మీటర్ల దాకా నల్లరేగడి, దాని కింద గోధుమరంగు మెత్తరాయి. తెల్లారేసరికి గుంతలో నీళ్లు చేరి, నేలమట్టానికి 1.3 మీటర్ల కిందికి వచ్చి నిలిచాయి.

ఇక్కడ చాలామంది పొరపడతారు. "మా బోరు వందల అడుగులకు పోతేగాని నీళ్లు పడలేదు, రెండు మీటర్ల గోతిలో ఊటెక్కడిది?" అంటారు. బోరు నీళ్లు వేరు, ఇవి వేరు. వాన నీళ్లు రేగడి పగుళ్లలోంచి దిగి, కింది రాయి మీద నిలబడిపోతాయి. మట్టి జిగట కాబట్టి పక్కలకు పారవు. వేసవిలో అదే గుంత ఎండిపోయి కనిపిస్తుంది. అందుకే ఏప్రిల్‌లో గుంత తీసి "ఊట లేదు" అని రాసిచ్చిన రిపోర్టును నమ్మకూడదు. వానలు పడ్డాక ఇంకోసారి చూడాలి.

మట్టి ఎంత ఉబ్బుతుందో తెలుసుకునే పరీక్ష చాలా చౌక. 425 మైక్రాన్ జల్లెడలోంచి దిగిన ఎండు మట్టిని 10 గ్రాముల చొప్పున రెండు 100 మి.లీ. గాజు సిలిండర్లలో వేస్తారు. ఒకదాంట్లో కిరోసిన్, ఇంకోదాంట్లో డిస్టిల్డ్ వాటర్ పోసి 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. ఇక్కడ కిరోసిన్‌లో 11 మి.లీ., నీళ్లలో 18 మి.లీ. వచ్చింది. తేడా 7, దాన్ని 11తో భాగిస్తే 64 శాతం. 50 దాటితే బాగా ఉబ్బే మట్టి కింద లెక్క.

ఈ మట్టి వానకు ఉబ్బి గోడను లోపలికి నెడుతుంది, ఎండకు కుంచించుకుని గోడను వదిలేస్తుంది. ప్రతి ఏటా ఇదే వరస. "ఫైబర్‌గ్లాస్ వంగుతుంది కాబట్టి పగలదు, రేగడికి అదే మేలు" అని అమ్మేవాళ్లు చెప్పేదాంట్లో సగం నిజముంది. షెల్ వంగుతుంది. అయితే 8 మి.మీ. గోడ ఒకసారి లోపలికి ఉబ్బితే మళ్లీ తిన్నగా రాదు, జెల్‌కోట్ (షెల్ లోపలి నున్నటి పైపూత) మీద సన్నని గీతలు పడతాయి. కాంక్రీటయినా, షెల్ అయినా రేగడిని గోడకు తాకనివ్వకూడదు. తవ్వి తీసేసి మొరం నింపాల్సిందే. ఆ ఖర్చు రెండింటికీ సమానం, కాబట్టి కొటేషన్లు పోల్చేముందు రెండింటిలోనూ దాన్ని కలుపుకోవాలి.

తేలే లెక్క

నిర్ణయాన్ని తేల్చింది ఈ లెక్కే. కాబట్టి వివరంగా చూద్దాం.

ఈ సైజు షెల్ బరువు ఒక టన్ను అటూఇటూ. అడుగు వైశాల్యం 32 చదరపు మీటర్లు. షెల్ ఖాళీగా ఉన్నప్పుడు దాని అడుగు కంటే 3 సెంటీమీటర్లు పైకి ఊటనీళ్లు వస్తే చాలు, బరువు సరిపోయింది, ఇక షెల్ లేవడమే. పైఅంచు చుట్టూ 300 × 200 మి.మీ. కాంక్రీటు బీము పోసి షెల్‌కు కట్టేస్తే ఇంకో 3.7 టన్నులు కలుస్తాయి. అప్పుడు కూడా 15 సెంటీమీటర్లకు మించి ఆగదు. ఇక్కడ సెప్టెంబర్ ఊట నేలమట్టానికి 1.3 మీటర్ల కింద ఉంది. మామూలుగా పాతితే షెల్ అడుగు 1.35 మీటర్ల లోతున ఉంటుంది. అంటే ఇంకో పెద్ద వాన పడకపోయినా షెల్ అడుగు ఊటలో ఉన్నట్టే.

దీనికితోడు షెల్ చుట్టూ ఇసుకో, చిప్సో (సన్న కంకర) నింపుతారు. రేగడిలో తవ్విన గొయ్యి నీళ్లు కారని గోలెం లాంటిది. ఇసుక గుండా దిగిన వాననీళ్లకు బయటికి దారి ఉండదు. పూల్ నిండుగా ఉన్నంతకాలం ఏమీ కాదు, లోపలి 38 టన్నుల నీళ్లు షెల్‌ను అదిమి పట్టుకుంటాయి. ఎవరో నీళ్లు పచ్చబడ్డాయని ఆగస్టులో పూల్ ఖాళీ చేయిస్తారు. తేలేది అప్పుడే. ఒక్కసారి లేచిన షెల్ కింద మొరం, చిప్స్ జారి చేరతాయి, పైపులు విరుగుతాయి, మళ్లీ అదే చోట సమంగా కూర్చోదు.

కాంక్రీటు తేలదా? తేలుతుంది. ఈ భ్రమ కూడా పోవాలి. 200 మి.మీ. అడుగు స్లాబు, 200 మి.మీ. గోడలు, 1.35 మీటర్ల గోడ ఎత్తుతో ఈ పూల్‌కు పట్టే కాంక్రీటు 14 ఘనపు మీటర్లు, బరువు 35 టన్నులు. బయటి కొలత 8.4 × 4.4 మీటర్లు, అంటే 37 చదరపు మీటర్లు. స్లాబు అడుగు నుంచి 0.95 మీటర్ల ఎత్తుకు ఊట వస్తే ఖాళీ కాంక్రీటు పూల్ కూడా లేస్తుంది. షెల్‌కు 3 సెంటీమీటర్లు, దీనికి 95. తేడా ఆ మేరకే. అయితే ఆ 95ను డిజైన్‌తో పెంచుకోవచ్చు.

దారి

షెల్ 4 మీటర్ల వెడల్పు. గూడ్స్ వాహనానికి రోడ్డు మీద అనుమతించే వెడల్పు 2.6 మీటర్లు. పడుకోబెట్టి తెస్తే ఓవర్ డైమెన్షన్ పర్మిషన్ కావాలి. నిలబెట్టి, వాల్చి తెస్తే ఎత్తు 5 మీటర్ల దాకా పోతుంది. ఈ స్థలానికి వచ్చే దారి 3.6 మీటర్లు, గేటు ముందు 11 కేవీ లైను. పైగా పూల్ ఇంటి వెనక. షెల్ బరువు టన్నే కదా, హైడ్రా క్రేన్ చాలదా అంటారు. క్రేన్ శక్తి దగ్గర బరువుకు ఒకలా, దూరం చాచినప్పుడు ఇంకోలా ఉంటుంది. ఇంటి మీదుగా 15 మీటర్లకు పైగా చాపాలంటే పెద్ద టెలిస్కోపిక్ క్రేన్ రావాలి, అది నిలబడటానికి ఆ సందులో చోటు లేదు. కాంక్రీటు తెచ్చే బండి, 2.5 మీటర్ల వెడల్పుండే ట్రాన్సిట్ మిక్సర్, మాత్రం వస్తుంది.

షెల్‌ను 450 మి.మీ. పైకి లేపి పెడితే ఊట సమస్య తగ్గుతుంది కదా అని కూడా చూశాం. షెల్ గోడ తనంతట తాను నీటి నెట్టుడును మోయలేదు, వెనక నింపిన మట్టి మీద ఆనుకుంటుంది. నేలపైకి వచ్చిన భాగం చుట్టూ ఆనుడు గోడ కట్టాలి. గోడ ఎలాగూ కట్టేటప్పుడు దాంట్లో ఇంకో పాత్ర పెట్టడంలో అర్థం లేదు. నిర్ణయం కాంక్రీటుకే పడింది.

డిజైన్

పూల్‌ను నేలమట్టం నుంచి 450 మి.మీ. పైకి లేపాం. అంచు మీద కూర్చోవడానికి వీలైన ఎత్తు, పిల్లలు పరిగెత్తుతూ పడిపోరు, వానకు తోటలోని బురద లోపలికి రాదు. స్లాబు అడుగు నేలకు 1.1 మీటర్ల లోతులోనే ఆగింది.

స్లాబును గోడ బయటికి చుట్టూ 300 మి.మీ. పొడిగించాం, అంటే 9 × 5 మీటర్లు. ఆ అంచు మీద కూర్చునే మట్టి కూడా పూల్‌ను పట్టుకుంటుంది. ఊట సరిగ్గా నేలమట్టం దాకా వచ్చిందనుకుంటే పైకి నెట్టే బలం 42 టన్నులు. కాంక్రీటు 39, టైల్స్‌తో కలిపి లోపలి ప్లాస్టరు సుమారు 4.5, అంచు మీది మట్టి బరువు నీళ్లలో మునిగాక మిగిలేది 6.5, వెరసి 50 టన్నులు. భద్రతా గుణకం, అంటే పట్టే బరువును నెట్టే బలంతో భాగిస్తే, దాదాపు 1.2. కరెంటు పోయి, సంపు మోటారు ఆగి, పూల్ ఖాళీగా ఉన్న రాత్రి కూడా ఇది నిలవాలి. మోటారును నమ్ముకుని ఈ లెక్క తగ్గించుకోకూడదు.

గొయ్యి 10.6 × 6.6 మీటర్లు, లోతు 1.95. అంటే రేగడి మొత్తం పోయి, మెత్తరాయిలోకి పావు మీటరు దిగాం. 136 ఘనపు మీటర్ల తవ్వకం, వదులయ్యాక 175 పైనే, 12 ఘనపు మీటర్ల టిప్పర్లకు 15 ట్రిప్పులు. ఆ మట్టిని "తర్వాత పక్కలకు నింపుదాం" అని గట్టున పోయించకండి. పక్కన ఉంటే మేస్త్రీ అదే నింపేస్తాడు.

అడుగున 150 మి.మీ. మందాన 40 మి.మీ. కంకర. దాని కింద జియోటెక్స్‌టైల్ (నీళ్లను వదిలి మట్టిని ఆపే గుడ్డ), పైన మళ్లీ జియోటెక్స్‌టైల్. లేకపోతే మొరం కంకరలోకి జారి సందులు మూసేస్తుంది. కంకర పొర ఒక మూలకు వాలుగా, అక్కడ 600 మి.మీ. సిమెంటు ఒరలతో సంపు, లోపల ఫ్లోట్ స్విచ్ ఉన్న అర హెచ్‌పీ మోటారు. కంకర మీద 600 మి.మీ. మొరం, ఒక్కో పొర 150 మి.మీ. చొప్పున తడిపి, ప్లేట్ కంపాక్టర్‌తో దిమ్మిస చేసి. పక్కలకూ కలిపి మొరం వదులుగా 95 ఘనపు మీటర్లు పట్టింది. మొరం మీద 100 మి.మీ. పీసీసీ (రాడ్లు లేని కాంక్రీటు).

పోత, అందులో తప్పులు

కాంక్రీటు ఎం30 గ్రేడు, నీళ్లు–సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు. నీళ్లు నిలిపే కాంక్రీటు కట్టడాలకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 3370 ప్రకారం స్ట్రక్చరల్ ఇంజనీరు ఇచ్చిన డ్రాయింగులో 10 మి.మీ. రాడ్లు 150 మి.మీ. దూరంలో, నిలువు అడ్డం రెండు దిశల్లో, రెండు ముఖాల్లో. అతుకులు కలుపుకుని 1.45 టన్నుల ఉక్కు. కవర్, అంటే రాడ్డు మీద ఉండాల్సిన కాంక్రీటు మందం, 45 మి.మీ. కవర్ బ్లాకులు కాంక్రీటువే పెట్టాలి, రాళ్ల ముక్కలు కాదు.

స్లాబుతో పాటే గోడ మొదలు 150 మి.మీ. కిక్కర్ పోయాలి. దాని మధ్యలో పీవీసీ వాటర్ స్టాపర్ (అతుకులో నీళ్లను ఆపే పట్టీ) నిలబడాలి. కారే కాంక్రీటు పూళ్లలో చాలా ఈ జాయింటు దగ్గర కారుతాయి. తరచూ కారణం స్టాపర్ లేకపోవడం కాదు, పోసేటప్పుడు అది పక్కకు వాలిపోవడం. మీటరుకు మూడు చోట్ల బైండింగ్ వైరుతో రాడ్లకు కట్టించాలి. స్లాబుకు, కిక్కర్‌కు 9.75 ఘనపు మీటర్లు, రెండు బండ్లు. రెండో బండి ఆలస్యమైతే స్లాబు మధ్యలో కోల్డ్ జాయింట్ (గట్టిపడ్డ కాంక్రీటుకు కొత్తది అతకని గీత) పడుతుంది. మొదటిది ఖాళీ అవుతుండగానే రెండోది గేటు దగ్గరుండాలి. గోడలకు మిగిలింది 6 ఘనపు మీటర్లు. 7 ఘనపు మీటర్ల బండి అడిగి, నాలుగు గోడల చుట్టూ 450 మి.మీ. ఎత్తున వరసలుగా, ఒకే పోతలో పూర్తి చేయాలి. నిడిల్ వైబ్రేటర్ 40 మి.మీ.ది, కింది వరసలోకి కాస్త దిగేలా. పని చేయనప్పుడు మార్చడానికి ఇంకొకటి సైటులో ఉండాలి.

స్కిమ్మర్ (పైనీటిని చెత్తతో సహా లాగేది), రిటర్న్ నాజిళ్లు (ఫిల్టరైన నీళ్లు తిరిగి వచ్చేవి), లైటు డబ్బా, మెయిన్ డ్రెయిన్లు (అడుగున నీళ్లు లాగేవి) అన్నీ పోతకు ముందే పడల్ ఫ్లాంజ్‌తో (పైపు చుట్టూ కాంక్రీటులో పాతుకునే పళ్లెం) బిగించాలి. తర్వాత చెక్కి పెడతాననే ప్లంబరును ఒప్పుకోవద్దు. మెయిన్ డ్రెయిన్లు రెండు, మధ్య దూరం మీటరుకు తగ్గకుండా. ఒక్కటే ఉంటే పిల్లల జుట్టో, ఒళ్లో దానికి అతుక్కుపోయే ప్రమాదం ఉంది. ఇది ఏ రకం పూల్‌కైనా తప్పనిసరి. సెంట్రింగ్ బోల్టుల రంధ్రాలను రెండు వైపులా 30 మి.మీ. చెక్కి, ష్రింకేజ్ లేని గ్రౌట్‌తో పూడ్చాలి. తేనెపట్టులా గుల్లపడిన చోటును క్రిస్టలైన్ అడ్మిక్స్చర్ (నీళ్లు కారకుండా కాంక్రీటులో కలిపే మందు) పూడ్చదు. అది సన్నని పగుళ్లకే పనికొస్తుంది.

పీపీసీ (ఫ్లై యాష్ కలిపిన) సిమెంటు కాబట్టి క్యూరింగ్ కనీసం 10 రోజులు. ఆ తర్వాత ప్లాస్టరు, టైల్స్ లేకుండానే పూల్ నింపి పరీక్షించాలి. పొడి కాంక్రీటు మొదట నీళ్లు పీల్చుకుంటుంది, కాబట్టి మొదటి వారం కొలతలు పట్టించుకోవద్దు. ఆ తర్వాత బకెట్ పరీక్ష. పూల్ నీళ్లే నింపిన బకెట్‌ను లోపల స్టూలు మీద పెట్టి, బకెట్ లోపలా బయటా నీటిమట్టం గుర్తు పెట్టాలి. 24 గంటలకు బకెట్లో తగ్గినదానికంటే పూల్‌లో 5 మి.మీ. ఎక్కువ తగ్గితే, 32 చదరపు మీటర్లకు రోజుకు 160 లీటర్లు కారుతున్నట్టు. ఇది పక్కల మట్టి నింపకముందే చేయాలి. తడిమచ్చ ఎక్కడుందో బయటి నుంచి కంటికి కనపడుతుంది. ఇక్కడ లైటు డబ్బా పైపు చుట్టూ ఒకచోట తడి కనిపించింది, పీయూ (పాలీయురెథేన్) ఇంజెక్షన్‌తో ఆగింది. మట్టి నింపాక తెలిసి ఉంటే మళ్లీ తవ్వాల్సి వచ్చేది.

టైల్స్ 20 మి.మీ. గ్లాస్ మొజాయిక్. వెనక జాలి అంటించిన షీట్ల కంటే ముందు కాగితం అంటించినవి మేలు, టైల్ వెనక మొత్తం అడ్హెసివ్ పట్టుకుంటుంది. జాలి జిగురు నీళ్లలో నానితే షీట్లు షీట్లుగానే ఊడతాయి. ఎపాక్సీ గ్రౌట్ చదరపు మీటరుకు 1.3 నుంచి 1.5 కిలోలు పడుతుంది, 70 చదరపు మీటర్లకు దాదాపు 100 కిలోలు. కొటేషన్‌లో 30, 40 కిలోలు కనిపిస్తే మిగతాది తెల్ల సిమెంటుతో నింపుతారని అర్థం చేసుకోవచ్చు. ఎపాక్సీ వేశాక వారం దాకా నీళ్లు పెట్టకూడదు.

నీళ్లు, ఫిల్టరు

38,400 లీటర్లను ఆరు గంటలకొకసారి తిప్పాలంటే గంటకు 6.4 ఘనపు మీటర్లు. 500 మి.మీ. శాండ్ ఫిల్టరు, ముప్పావు హెచ్‌పీ పంపు, సక్షన్ 63 మి.మీ., రిటర్న్ 50 మి.మీ. పైపు సరిపోయాయి.

అసలు చిక్కు బోరు నీళ్లతో. కఠినత లీటరుకు 450 మి.గ్రా. మే నెలలో రోజుకు 8 మి.మీ. ఆవిరైతే 250 లీటర్లు తగ్గుతాయి. మూడు నెలలు అదే లెక్కన బోరుతో పూడిస్తే 22,500 లీటర్లు. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. వేసవి చివరికి కఠినత 700 దాటుతుంది, నీటిమట్టం గీత వెంట తెల్లటి పొలుసు కడుతుంది. "షెల్‌కు కెమికల్స్ తక్కువ పడతాయి" అని అమ్మేవాళ్లు చెప్పేది పాచి వరకు నిజం, నునుపైన జెల్‌కోట్‌కు పాచి అంత తేలిగ్గా పట్టుకోదు. పొలుసుకు మాత్రం టైలయినా జెల్‌కోటయినా ఒకటే. టైల్ మీద యాసిడ్‌తో తుడిస్తే పోతుంది, జెల్‌కోట్‌ను గీకితే మెరుపు పోతుంది. రాత్రి కవర్ కప్పడం, తగ్గిన నీళ్లు పూడ్చడానికి మేడ మీది వాననీళ్లు వాడటం ఇక్కడ మందుల కంటే ఎక్కువ పని చేశాయి.

తొలి వానాకాలంలో సంపులో నీళ్లు స్లాబు అడుగు దాటి 200 మి.మీ. పైకి వచ్చాయి. పాతిన షెల్ ఆ రోజుల్లో ఖాళీగా ఉండి ఉంటే నిలిచేది కాదు. పూల్ చుట్టూ 1.5 మీటర్ల వెడల్పు గచ్చు, కింద 250 మైక్రాన్ షీటు, బయటికి 50కి 1 వాలు. ఇది లేకపోతే సంపుకు ఇంకా నీళ్లు చేరేవి. గచ్చు పక్కనే డ్రిప్ లైను వేయడానికి తోటవాళ్లను ఒప్పుకోలేదు.

షెల్ ఎక్కడ మంచిది

ఇదే ఇల్లు శామీర్‌పేట వైపు ఎర్రమొరం నేలలో, 9 మీటర్ల రోడ్డు పక్కన ఉండి, 6 × 3 మీటర్ల పూల్ చాలంటే మా సలహా షెల్ అయ్యేది. నీళ్లు ఇంకిపోయే నేల, దగ్గర నిలబడగలిగే క్రేన్, మూడు వారాల పని, గ్రౌట్ బాధ లేదు. అలాంటి చోట వేసేవాళ్లు మూడింటిని వదలకూడదు. అడుగున 6–10 మి.మీ. చిప్స్ పరుపు 150 మి.మీ., మట్టం తేడా 5 మి.మీ. లోపు. లోపల నీళ్లు, బయట చిప్స్ 300 మి.మీ. చొప్పున కలిసి పైకి రావాలి. ఒకటి ముందు పోతే గోడ ఉబ్బుతుంది. ఇక స్కిమ్మర్ కోసం కోసిన ముక్కను పారేయనివ్వకండి. దాని అంచులో గోడ మందం, జెల్‌కోట్ వెనక వినైల్ ఎస్టర్ (నీళ్లను ఆపే రెజిన్) పొర ఉన్నదీ లేనిదీ తెలుస్తాయి. ఆ పొర లేకుంటే నీళ్లు జెల్‌కోట్ దాటి లోపలి రెజిన్‌లోకి చేరి, కొన్నేళ్లకు బొబ్బలు లేస్తాయి.

ఖాళీ చేయాల్సి వస్తే

ఇంటివాళ్లకు రాసిచ్చిన పద్ధతి ఇది. టైల్ రిపేరు ఏదైనా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలోనే పెట్టుకోవాలి. ముందు సంపు మూత తీసి నీటిమట్టం చూడాలి. స్లాబు అడుగు కంటే పైన ఉంటే మోటారు నడిపి దింపాలి, ఒక రోజు ఆగి మళ్లీ చూడాలి. పైకి రాకపోతేనే పూల్ ఖాళీ చేయడం మొదలుపెట్టాలి, అదీ రోజుకు 400 మి.మీ. మించకుండా. పని నడిచే రోజుల్లో సంపును ఉదయం సాయంత్రం చూడాలి. అకాల వాన కురిస్తే పని ఆపి అర మీటరు నీళ్లు పెట్టేయాలి. నీళ్లు పచ్చబడితే ఖాళీ చేయాల్సిన పని లేదు. క్లోరిన్ షాక్ (ఒకేసారి ఎక్కువ మోతాదు) ఇచ్చి, ఫిల్టరును రెండు రోజులు ఆపకుండా నడిపి, బ్యాక్‌వాష్ చేస్తే (నీళ్లు ఎదురు తిప్పి ఫిల్టరు కడిగితే) చాలు.